ఈ బొమ్మను ఎవరు నేస్తారు?

పోయిన డిసెంబర్‌లో మా రెండో సంవత్సరం పిల్లల్ని తీసుకుని పోచంపల్లి దగ్గర ఒక ఊరికి వెళ్లాను. టెక్స్‌టైల్ డిజైన్ డిప్లొమా పిల్లలు, మొత్తం 22 మంది. ఒకమ్మాయి తను చేసిన చీర డిజైన్‌ను మగ్గం మీద కూర్చున్న పెద్దాయనకు ఫోన్‌లో చూపించింది. చేసింది అంటే, బొమ్మలు తయారుచేసే ఏఐ టూల్‌కి నాలుగు మాటలు రాసిచ్చి, అది ఇచ్చిన నలభై బొమ్మల్లోంచి ఒకటి ఏరుకుంది. బొమ్మ చాలా బాగుంది, అందులో అబద్ధం లేదు. ముదురు నీలం మీద నెమళ్లు, ఒక్కో ఈకలో ఆకుపచ్చలోంచి బంగారు రంగులోకి జారిపోయే ఛాయలు, అంచు పొడవునా సన్నటి తీగలు. ఆయన కళ్లజోడు సర్దుకుని చాలాసేపు చూశారు. వేళ్లతో పెద్దది చేసి నెమలి మెడ దగ్గర ఆగారు.

"మంచిగుంది బిడ్డా. ప్రింటుకైతే మస్తుంటది. గని దీన్ని ఎవరు నేస్తరు? ఇండ్ల ఎన్ని రంగులున్నయో లెక్కవెట్టినవా?"

లెక్కపెట్టలేదు. తిరుగు ప్రయాణంలో బస్సులో కూర్చుని లెక్కపెడితే పద్నాలుగు దాకా వచ్చి, ఆపైన ఏది వేరే రంగో ఏది నీడో తేలక వదిలేసింది. ఆ పద్నాలుగు దగ్గర్నుంచే మా అసలు పాఠం మొదలైంది. గత రెండేళ్లుగా పిల్లలకు ఈ జెనరేటివ్ ఏఐని ఎలా నేర్పాలా అని నేను పడుతున్న తంటాలన్నిటికీ ఆయన అడిగిన రెండు ప్రశ్నలు ఒక దారి చూపించాయి కాబట్టి, కాస్త వివరంగానే రాస్తాను.

మొదట్లో నేనూ అందరిలాగే దొంగల్ని పట్టే పనిలో ఉన్నాను. చాట్‌జీపీటీ 2022 నవంబర్ 30న వచ్చింది, ఆ తర్వాతి సెమిస్టర్‌కల్లా నా దగ్గరికి వచ్చే రాతపనులన్నీ ఒకే రకంగా నున్నగా తయారయ్యాయి. ఎవరు రాసినా అవే మూడు పేరాలు, అదే మర్యాద. ఏది మెషీన్ రాసిందో కనిపెట్టే సాఫ్ట్‌వేర్ కొందామని స్టాఫ్ రూమ్‌లో చర్చ నడిచింది. చాట్‌జీపీటీని తయారుచేసిన ఓపెన్‌ఏఐ కంపెనీయే 2023 జనవరిలో అలాంటి ఒక టూల్‌ను విడుదల చేసి, సరిగ్గా కనిపెట్టలేకపోతోందని జూలైలో వెనక్కి తీసేసుకుంది. ఆ సంగతి తెలిసేలోపే నేనొక తప్పు చేశాను. ఇంగ్లీష్ బాగా వచ్చిన ఒక అమ్మాయి తనంతట తను రాసుకొచ్చిన వ్యాసాన్ని అనుమానించి, అందరి ముందూ "ఇది నువ్వే రాశావా?" అని అడిగాను. ఆ పిల్ల ఏడవలేదు, కానీ ఆ సెమిస్టర్ మొత్తం నా క్లాసులో నోరు విప్పలేదు. తర్వాత క్షమాపణ చెప్పాను. ఇప్పటికీ తలుచుకుంటే మనసు చివుక్కుమంటుంది. పట్టుకునే పని ఆ రోజుతో మానేశాను.

సరే, నేర్పుదాం అనుకున్నాక ఏం నేర్పాలన్నది ఇంకో సమస్య. నేను వెళ్లిన రెండు మూడు వర్క్‌షాపుల్లో ప్రాంప్ట్‌లు, అంటే టూల్‌కి రాసిచ్చే మాటలు, నేర్పారు. ఏ మాట చేరిస్తే బొమ్మకు మెరుపు వస్తుంది, ఏ మాట చేరిస్తే స్టూడియోలో తీసిన ఫొటోలా కనిపిస్తుంది, ఇలాంటి చిట్కాల జాబితాలు. నేనూ ఒక టర్మ్ అలాగే నేర్పాను. పిల్లలకు సరదాగా గడిచింది, గోడ నిండా పోస్టర్లు వచ్చాయి. దూరం నుంచి చూస్తే అన్నీ ఒకరే వేసినట్టున్నాయి. ఆరు నెలలకు టూల్ కొత్త వెర్షన్ వచ్చి సగం చిట్కాలకు పనే లేకుండా పోయింది. పిల్లలకు ఆ మెషీన్ లోపల ఏం జరుగుతుందో తెలియదు, దాని చేత ఏం చేయించాలో కూడా తెలియదు. ఈ రెండూ తెలియకుండా చిట్కాలు కంఠతా పట్టించినందుకు నా మీద నాకే కోపం వచ్చింది.

ఇప్పుడు మొదటి క్లాసులో ఫోన్లు బయటికి తీయనివ్వను. బోర్డు మీద "ఇంట గెలిచి" అని రాసి ఆపుతాను. క్లాసంతా ఒక్క గొంతుతో "రచ్చ గెలువు" అంటుంది. "ఆడలేక" అని రాస్తే "మద్దెల ఓడు" వచ్చేస్తుంది. తర్వాత "మా అమ్మ నిన్న సాయంత్రం" అని రాసి ఆపుతాను. ఈసారి ఎవరూ అరవరు, ఒక్కొక్కరూ తర్వాత వచ్చే మాటను చీటీ మీద రాసి డబ్బాలో వేయాలి. పోయిన బ్యాచ్‌లో "వంట" ఆరుసార్లు వచ్చింది, "ఫోన్" నాలుగు, "గుడికి" మూడు, మిగతావి ఒకటీ రెండూ. డబ్బాలో చెయ్యి పెట్టి ఒక చీటీ తీస్తాం. ఎక్కువసార్లు రాసిన మాటకే అవకాశం ఎక్కువ, కానీ ఒక్కరే రాసిన మాట కూడా చేతికి రావచ్చు. వచ్చిన మాటను బోర్డు మీద చేర్చి, అప్పటిదాకా ఉన్న మొత్తం వాక్యాన్ని చదువుకుని, మళ్లీ చీటీలు. ఇలా ఎనిమిది తొమ్మిది సార్లు తిరిగేసరికి "మా అమ్మ నిన్న సాయంత్రం గుడికి వెళ్లి వచ్చేటప్పుడు పెద్ద గుమ్మడికాయ కొన్నది" అని ఒక చక్కటి వాక్యం తయారైంది.

వెనక బెంచీలోంచి ఒక అబ్బాయి అడిగాడు: "ఎవరి అమ్మ, మేడమ్?"

ఆ పిల్లాడు ఎంత గొప్ప ప్రశ్న అడిగాడో వాడికి అప్పుడు తెలియదు. ఆ వాక్యంలో వ్యాకరణం ఉంది, మన ఊళ్ల వాసన ఉంది, నమ్మబుద్ధి కూడా అవుతుంది, కానీ గుమ్మడికాయ కొన్న ఆ అమ్మ ఈ లోకంలో లేదు. చాట్‌బాట్‌లు రాసేది కూడా ఇలాగే. అప్పటిదాకా ఉన్న మాటల్ని బట్టి తర్వాత ఏది రావచ్చో అంచనా కట్టి, ఒకటి ఎంచి, మళ్లీ మొదటికి. అమెరికన్ గణిత శాస్త్రవేత్త క్లాడ్ షానన్ 1948లోనే పుస్తకాల్లోంచి మాటలు ఏరి ఒకదాని పక్కన ఒకటి పేర్చి ఇలాంటి వాక్యాలు కట్టి చూపించాడు. 2017లో గూగుల్ పరిశోధకులు ట్రాన్స్‌ఫార్మర్ అనే పద్ధతిని బయటపెట్టాక, ముందున్న మాటల్లో ఏ మాటకు ఎంత బరువు ఇవ్వాలో మెషీన్ తనే నేర్చుకునే దారి బాగా తెరుచుకుంది. మా డబ్బాలో 22 చీటీలుంటే దానికి పుస్తకాలు, వెబ్ పేజీలు, జనం రాసుకున్న ముచ్చట్లు కొండల్లా ఉన్నాయి. అందుకే అది చెప్పేవాటిలో చాలాభాగం నిజమే అవుతుంది, అందుకే అబద్ధం వచ్చినప్పుడు పట్టుకోవడం అంత కష్టం.

"ఎవరి అమ్మ?" అనేది మా క్లాసులో ఊతపదం అయిపోయింది. తేలియా రుమాల్ అనే చేనేత బట్ట గురించి రాసుకురమ్మంటే ఒకరు చాట్‌బాట్ నుంచి ఒక రాజు పేరు, ఒక సంవత్సరం, ఆ రాజుగారి దర్బారు వర్ణనతో సహా తెచ్చారు. క్లాసంతా కలిసి "ఎవరి అమ్మ?" అంది. ఆ రాజుగారి జాడ మాకు ఎక్కడా దొరకలేదు. దొరికినవి వేరే. నూలును నూనెలో, ఆముదపు కాయల బూడిద కలిపిన నీళ్లలో నానబెట్టి శుద్ధి చేస్తారు కాబట్టి దానికా పేరు. చీరాల ఆ నేతకు పాత చిరునామా, ఇవాళ పుట్టపాక దాన్ని నిలబెట్టిన ఊరు, 2020లో భౌగోళిక గుర్తింపు (జీఐ, ఈ సరుకు ఫలానా ప్రాంతానిది అనే ముద్ర) వచ్చింది. ఎరుపు, నలుపు, తెలుపు, ఆ మూడు రంగులతోనే అంత లెక్క ప్రకారం నడిచే నేత. చాట్‌బాట్ పేరాలో రాజు ఉన్నాడు, దర్బారు ఉంది, నూనె మాటే లేదు. పేరులోనే నూనె ఉన్న బట్ట!

ఇక్కడ తెలుగు గురించి ఒక మాట చెప్పకుండా ముందుకు వెళ్లలేను, ఎందుకంటే పిల్లలు దీన్ని తమ తప్పు అనుకుంటారు. సిద్దిపేట వైపు నుంచి వచ్చిన ఇద్దరు తెలుగులో రాసి అడిగితే సమాధానం పలచగా వచ్చేది, పక్కవాళ్లు ఇంగ్లీషులో అడిగితే చిక్కగా వచ్చేది. "మాకు రాయడం రావట్లేదు మేడమ్" అన్నారు. "తెలుగు" అన్న మాటను బోర్డు మీద రాసి, కంప్యూటర్ దాన్ని ఎలా దాచుకుంటుందో విడదీసి చూపించాను. త, ఎత్వం, ల, కొమ్ము, గ, కొమ్ము, మొత్తం ఆరు. ఒక్కోదానికి మూడు బైట్లు (కంప్యూటర్ దాచుకునే చిన్న ముక్కలు) చొప్పున 18. అదే మాటను ఇంగ్లీష్ అక్షరాల్లో రాస్తే 6. ఇంగ్లీష్ కోసం తయారైన పాత మోడళ్లు, అంటే చాట్‌బాట్‌ల వెనక ఉండే ప్రోగ్రామ్‌లు, మన మాటల్ని ఈ బైట్ల దాకా ముక్కలు చేసి చదివేవి, ఒక చిన్న తెలుగు వాక్యం వాటికి ఒక పేరా ఇంగ్లీష్ చదివినంత పని. కొత్తవి చాలా మెరుగుపడ్డాయి, కానీ అవి చదివిన రాశిలో తెలుగు వాటా తక్కువే. హైదరాబాద్‌లో స్వేచ్ఛ సంస్థ ఇంజినీరింగ్ కాలేజీ పిల్లలతో తెలుగు కథల పేజీలను కంప్యూటర్‌లోకి ఎక్కించి, తప్పులు దిద్దించి, వాటితో ఒక చిన్న తెలుగు మోడల్ తయారుచేసింది. అలాంటి పని ఒక్క వారం చేసినా చాలు, మెషీన్ తెలివి ఆకాశంలోంచి ఊడిపడదని, ఎవరో కూర్చుని పెడితేనే వస్తుందని అర్థమవుతుంది. మా ఇద్దరు పిల్లలకు మాత్రం ఆ 18, 6 లెక్క చూశాక మొహాలు తేటపడ్డాయి.

బొమ్మల పాఠానికి ముగ్గు వాడుకుంటాను. వరండాలో ఒకమ్మాయి ముగ్గు వేస్తుంది, మేం చూడకుండా ఇంకొకరు తడిగుడ్డతో సగం చెరిపేస్తారు, మూడో మనిషి వచ్చి చెరిగినదాన్ని పూరించాలి. ముగ్గులు అలవాటున్నవాళ్లు ఎక్కడో నాలుగు చుక్కలు, ఒక వంపు కనిపిస్తే చాలు, మిగతాది గీసేస్తారు. అది మొదట ఉన్న ముగ్గే అయ్యుండాలని లేదు, వాళ్లమ్మ వేసే ముగ్గు అయ్యుండవచ్చు. బొమ్మలు తయారుచేసే డిఫ్యూజన్ మోడల్ శిక్షణ పొందేది ఇలాగే. ఫొటో మీద కొద్దికొద్దిగా ఇసుక చల్లినట్టు గజిబిజి చుక్కలు కలుపుతూ పోతారు, ఆ చుక్కల్ని తీసేస్తే అడుగున ఏముంటుందో ఊహించడం అది నేర్చుకుంటుంది. నేర్చుకున్నాక దాని ముందు ఉత్త ఇసుకే పోసి, "ఇందులో నెమలి ఉంది, తీయి" అంటాం. తీస్తుంది. 2022 ఆగస్టులో వచ్చిన స్టేబుల్ డిఫ్యూజన్ అనే అలాంటి టూల్ తొలి రూపాలు నేర్చుకున్న బొమ్మలు లైయాన్ అనే సంస్థ ఇంటర్నెట్‌లోంచి పోగుచేసిన జాబితాలోవి. ఆ జాబితాలో దాదాపు 585 కోట్ల బొమ్మలు, వాటి పక్కన ఉన్న మాటలు. అన్ని ముగ్గులు చూసిన చెయ్యి అన్నమాట.

కానీ మా వరండాలోనే దాని హద్దు కూడా తెలిసింది. సందు చుక్క ముగ్గు, 15 నుంచి 8 వరకు, వేయమని టూల్‌ను అడిగాం. మన ఆడపిల్లలకు ఇది చిన్న లెక్క. నడుమ వరుసలో 15, అటూ ఇటూ 14, 13 అలా తగ్గుతూ 8 దాకా, మొత్తం 169 చుక్కలు. టూల్ ఆ రోజు ఇచ్చిన పది బొమ్మలూ సంక్రాంతి గ్రీటింగ్ కార్డు మీద వేసుకోవచ్చు, అంత బాగున్నాయి. ఒక్కదాంట్లోనూ చుక్కలు సరిపోలేదు. ఒకచోట గీత చుక్క మీదుగా పోయింది, ఒకచోట మెలిక సగంలో ఆగిపోయింది. ముగ్గు ఎలా కనిపిస్తుందో దానికి బాగా తెలుసు, ముగ్గు ఎలా వేస్తారో తెలియదు. ఇది చూసిన రోజే పోచంపల్లి ప్రయాణం పెట్టుకోవాలని నిర్ణయించుకున్నాను, ఎందుకంటే ఇకత్ కూడా ముగ్గులాంటిదే, ముందు లెక్క, ఆ తర్వాతే అందం.

తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను. మామూలు చీరలో నేసేటప్పుడు బొమ్మ వస్తుంది, ప్రింటు చీరలో నేశాక వస్తుంది. ఇకత్‌లో నేయకముందే నూలు మీద బొమ్మ ఉంటుంది. గ్రాఫ్ కాగితం మీద గళ్లు నింపి డిజైన్ వేస్తారు, దాన్నిబట్టి నూలు కట్టల మీద గుర్తులు పెట్టి, రంగు అంటకూడని చోట సైకిల్ ట్యూబు పీలికలతో బిగించి కట్టి, రంగులో ముంచుతారు. ఆరాక కొన్ని కట్లు విప్పి, ఇంకొన్ని కట్టి, తర్వాతి రంగు. సాధారణంగా లేత రంగుల నుంచి ముదురు రంగుల వైపు వెళతారు. రంగు పెరిగితే ఒక విడత కట్టుడు, ఒక విడత అద్దకం పెరుగుతాయి. పేక (అడ్డ దారం) మీద మాత్రమే కడితే ఒక లెక్క. పడుగునూ (నిలువు దారం) పేకనూ రెండింటినీ కడితే, మగ్గం మీద అవి ఒకదాన్నొకటి దాటే చోట రంగు రంగును కలుసుకోవాలి, దారం అటూ ఇటూ జరిగితే పువ్వు రేక విరిగిపోతుంది. పద్నాలుగు రంగులు, వెంట్రుకంత తీగలు! పెద్దాయన ఎందుకు "ఎవరు నేస్తరు" అన్నారో మా పిల్లలకు ఒక చిన్న నూలు కట్టను తామే కట్టి చూసుకున్నాక కానీ ఎక్కలేదు.

ఆ ఇంట్లోనే ఆయన భార్య మాకు ఆసు పోయడం, అంటే కట్లు కట్టే ముందు నూలును సిద్ధం చేసే పని, చూపించింది. నడుమ ఒక మేకు, ఎదురుగా అర్ధచంద్రాకారంలో వరుసగా మేకులు, ఆ మేకు నుంచి ఈ మేకుకు దారం తిప్పుతూ పోవాలి. ఒక చీరకు దాదాపు 9,000 సార్లు చెయ్యి ఆడాలి. ఇప్పుడు వాళ్లింట్లో ఆ పని మెషీన్ చేస్తుంది, ఆమె మాకోసం పాత చెక్క బయటికి తీసింది. రెండు నిమిషాలు తిప్పి భుజం పట్టుకుంది. ఆలేరు దగ్గర శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశం తన తల్లి లక్ష్మి పడే ఈ బాధ చూడలేక ఏళ్ల తరబడి కొట్టుకుని 1999లో ఆసు యంత్రం తయారుచేశాడు, తల్లి పేరే దానికి పెట్టాడు, 2017లో పద్మశ్రీ వచ్చింది. ఈ సంగతి నేను ప్రతి బ్యాచ్‌కూ చెబుతాను. ఆయన ఎక్కువ చదువుకోలేదు, కానీ మగ్గం పనిలో ఏ ముక్క మనిషి ఒంటిని తినేస్తోందో, ఏ ముక్కలో మనిషి తెలివి ఉందో ఆయనకు తెలుసు. ఒంటిని తినే ముక్కనే మెషీన్‌కు ఇచ్చాడు. డిజైన్ ఏది వేయాలి, ఎక్కడ కట్టాలి అన్నది నేతగాడి దగ్గరే ఉండిపోయింది. ఏఐ పట్టుకుని డిజైన్ చేసే పిల్లలకు దీనికంటే మంచి పాఠం నాకు తెలియదు. మనమేమో ముందుగా తెలివి ఉన్న ముక్కనే తీసుకెళ్లి మెషీన్ చేతిలో పెడుతున్నాం.

నెమళ్ల అమ్మాయి సంగతికి వస్తాను. బస్సు దిగేసరికి ఆమెకు పట్టుదల వచ్చింది. చీర వదిలేసి స్టోల్ చేస్తానంది, ఒక నెమలి, తెలుపు కాకుండా రెండే రంగులు. బొమ్మను గళ్లలోకి మార్చడం చేత్తో చేస్తే రోజులు పడుతుంది. ఆమెకు ప్రోగ్రామింగ్ రాదు. చాట్‌బాట్‌తో సగం తెలుగు, సగం ఇంగ్లీషులో మాట్లాడుతూ, బొమ్మను తీసుకుని 48 గళ్ల వెడల్పు, 64 గళ్ల ఎత్తుకు కుదించి మూడు రంగులే ఉంచే చిన్న పైథాన్ ప్రోగ్రామ్ రాయించుకుంది. మొదటిసారి నెమలి కన్ను మాయమైంది, మెడ రెండు ముక్కలైంది. ఎందుకలా అని నన్నడిగితే, ప్రోగ్రామ్ ఏం చేస్తోందో దాని చేతే తెలుగులో వరుసవరుసగా చెప్పించుకోమన్నాను. ఒక గడిలో పడే చుక్కలన్నిటి సగటు తీస్తోంది, చిన్న నల్ల కన్ను ఆ సగటులో కరిగిపోయింది. ఆ సంగతి ఆమే కనిపెట్టింది. కన్ను ఎక్కడుండాలో, మెడ ఎంత మందం ఉండాలో గళ్లు లెక్కపెట్టుకుంటూ మూడు రాత్రులు కూర్చుని చేత్తో దిద్దింది. ఆ గ్రాఫ్‌ను పట్టుకుని మళ్లీ వెళితే పెద్దాయన సగం కాగితం మడిచేశారు. "నూలు మడతవెడ్తం బిడ్డా, సగం కడితే రెండో సగం అదే వస్తది. నీ నెమలి అటే చూస్తున్నది, ఇటు మొకంబెట్టి ఇంకోటి ఉండాలె." అలా ఒక నెమలి ఎదురెదురుగా నిలబడ్డ రెండు నెమళ్లు అయింది. ఇంటర్నెట్ నిండా ఉన్న బొమ్మల్లో ఎదురెదురు నెమళ్లు ఎన్ని ఉన్నా, అవి ఎందుకలా నిలబడ్డాయో ఆమెకు ఆ రోజు నూలు మడతలో తెలిసింది.

ఫిబ్రవరిలో స్టోల్ చేతికొచ్చింది. నెమలి అంచులు కాస్త పాకి, ఈకలు గాలికి కదిలినట్టున్నాయి. టూల్ ఇచ్చిన బొమ్మల్లో కూడా అంచులు మసకగానే ఉంటాయి, ఇకత్ అంటే అలా ఉంటుందని అది చూసి నేర్చుకుంది కాబట్టి. కానీ అక్కడ మసక నాలుగు వైపులా ఒకేలా ఉంటుంది. నిజం బట్టలో కట్టు కిందికి రంగు ఊరిన చోట, దారం ఒక పిసరు జరిగిన చోట మాత్రమే పాకుతుంది, అదీ దారం పోయే దిక్కుకే. ఇప్పుడు మా పిల్లలు ఫొటో చూసి ఏది నేసిందో ఏది ప్రింటో ఏది మెషీన్ ఊహో చాలావరకు చెప్పేస్తారు. ఏ డిటెక్టర్ సాఫ్ట్‌వేర్ కంటే ఆ చూపు నాకు ముఖ్యం.

తోటి లెక్చరర్ ఒకరు, నేను గౌరవించే మనిషి, నాతో గట్టిగానే వాదించారు. మన పిల్లలకు ఉద్యోగాలిచ్చే కంపెనీలకు రోజుకు యాభై ప్రింటు డిజైన్లు కావాలి, వాళ్లను మగ్గాల చుట్టూ తిప్పి ఏం లాభం అని. ఆ మాటలో నిజముంది. డిజిటల్ ప్రింటుకు రంగుల హద్దు లేదు, పద్నాలుగు రంగుల నెమలి అక్కడ బ్రహ్మాండంగా పనికొస్తుంది, అదీ నేర్పుతున్నాను. కానీ అక్కడా ఆగి చూడాల్సినవి ఉన్నాయి. బొమ్మ కుడి అంచు ఎడమ అంచుతో కలవకపోతే గజం బట్టకు నాలుగు చోట్ల అతుకు కనిపిస్తుంది. తెర మీద మెరిసే నీలం కాటన్ మీద చచ్చిపోతుంది. ప్రింటైనా మగ్గమైనా, బట్ట సంగతి తెలిసినవాళ్లే మెషీన్‌కు సరైన పని చెప్పగలరు. ఆయన పూర్తిగా ఒప్పుకోలేదు, వాదన ఇంకా నడుస్తోంది.

మార్కుల పద్ధతి కూడా మార్చేశాను. చివరి డిజైన్‌కు 30 మార్కులే. డిజైన్‌ను చేసే మనిషి దగ్గరికి, అంటే నేతగాడు, ప్రింటర్, టైలర్ ఎవరైనా సరే, తీసుకెళ్లి వాళ్లు చెప్పినదాన్నిబట్టి ఏం మార్చారో చూపిస్తే 30. మిగతా 40 తిరస్కారాల నోటుబుక్‌కు. టూల్ ఇచ్చిన ఏ బొమ్మను ఎందుకు వద్దన్నారో చేత్తో రాయాలి, తెలుగైనా ఇంగ్లీషైనా. మొదట్లో "బాగోలేదు", "నచ్చలేదు" అని రాసేవాళ్లు. జనవరికల్లా రాతలు మారిపోయాయి. "నెమలికి మూడు కాళ్లు", "ఈ ఎరుపు వేయాలంటే పసుపు మీద మళ్లీ కట్టాలి, ఖర్చు", "ఇది పోచంపల్లి కాదు, పటోలా (గుజరాత్ ఇకత్) పోలిక కలిసింది", "పడుగు రంగు, పేక రంగు ఇక్కడ కలవవు". ఆ నోటుబుక్‌లు దిద్దుతూ నేను రాత్రి పన్నెండు దాకా మేలుకున్న రోజులున్నాయి. అవి మాత్రం ఒకదానిలా ఇంకొకటి ఉండవు.

ఒక సంగతి నాకు ఇంకా తెగలేదు. రెండోసారి వెళ్లినప్పుడు పెద్దాయన అడిగారు: "గా మిషన్ల మా డిజైన్లు గుడ ఉన్నయా?" ఆయన కుటుంబం కొత్తగా వేసిన డిజైన్ నెల తిరక్కుండా ప్రింటు బట్టగా బజార్లోకి రావడం ఆయన చాలాసార్లు చూశారు. పోచంపల్లి ఇకత్‌కు 2005లో భౌగోళిక గుర్తింపు వచ్చింది, అది ఆ పేరును కాపాడుతుంది. ఒక్కో కొత్త డిజైన్‌కు రక్షణ కావాలంటే 2000 నాటి డిజైన్ల చట్టం కింద విడిగా రిజిస్టర్ చేయించుకోవాలి, అప్పుడు పదేళ్లు, ఆపైన ఇంకో ఐదేళ్లు. ఇంటర్నెట్‌లో కోట్ల బొమ్మలు ఊడ్చుకుపోయిన మెషీన్ దగ్గర ఈ కాగితం ఎంతవరకు నిలుస్తుందో నేను ఆయనకు భరోసాగా చెప్పలేకపోయాను. ఉండి ఉండవచ్చు అని మాత్రం అన్నాను. ఆయన తల ఊపి మళ్లీ నాడె అందుకున్నారు. ఆ మౌనం నాకు చాలా బరువుగా అనిపించింది. మా క్లాసులో మాత్రం ఒక నియమం పెట్టుకున్నాం: నేతగాడి ఇంట్లో తీసిన ఏ ఫొటోనూ ఆయన్ని అడగకుండా ఏ టూల్‌లోకీ ఎక్కించకూడదు. అడిగినప్పుడు ఆయన వద్దంటే వద్దు. ఈ నియమం వల్ల రెండు ప్రాజెక్టులు మధ్యలో ఆగిపోయాయి, ఆ పిల్లలకు మార్కులు తగ్గించలేదు.

జూలైలో కొత్త బ్యాచ్ వస్తుంది. ఈసారి వరుస మార్చాను. చీటీల ఆట, ముగ్గు కంటే ముందే, మొదటి వారంలోనే ప్రతి ఒక్కరూ ఒక నూలు కట్టను కట్టి, ఒక్క రంగులో ముంచి, విప్పి చూడాలి. నెమళ్ల అమ్మాయి ఇప్పుడు మూడో సంవత్సరం, ఆ వారం వచ్చి కట్టడం నేర్పుతానంది. తన ప్రోగ్రామ్‌ను పడుగూ పేకా రెండింటికీ లెక్క కట్టేలా మారుస్తోందట, గళ్లు ఇంకా సరిగ్గా కలవడం లేదట. కాలేజీ ఎదురుగా సైకిల్ షాపాయన్ని అడిగితే పాత ట్యూబులు ఒక బస్తా పక్కన పెట్టి ఉంచుతానన్నాడు.